1913, 1931: మిస్ ఐరీన్ వాయించిన సొనాటా

2023 సెప్టెంబరు. మస్కట్‌లో ఎండ తీవ్రత ఇంకా తగ్గలేదు గాని, సెలవులకు స్వదేశం వెళ్ళిన కుటుంబాలు తిరిగి వచ్చాయి. వాడి కబీర్ పేట వీధుల్లో స్కూలు బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. పియానో టెక్నీషియన్‌కు ఏడాది మొత్తంలో ఇదే రద్దీ కాలం. వేసవి అంతా మూతపడి ఉన్న ఇళ్ళలోని పియానోలన్నీ ఒకేసారి శ్రుతి తప్పి కనబడతాయి. రూవిలోని ఒక వాద్యాల దుకాణం తరపున నేను ఈ పని చేస్తున్నాను.

ఈ వృత్తిలోకి రాకముందు నేను ఒక నిర్మాణ సంస్థలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. సైటుకు వెళ్ళే ప్రతి డ్రాయింగు మీద రివిజన్ సంఖ్య, తేదీ సరిచూడడం, కొత్తది రాగానే పాతదాని మీద ‘సూపర్‌సీడెడ్’, అంటే రద్దయినది, అని ముద్ర వేయడం నా ఉద్యోగం. రద్దయిన డ్రాయింగు ఒక్కటి సైటులో మిగిలిపోయినా గోడ తప్పు చోట లేస్తుంది. తేదీ మీద నాకు గల నమ్మకం అక్కడ ఏర్పడింది. పియానో పనిని ఆ తర్వాత ఒక శ్రీలంక సీనియర్ వద్ద నేర్చుకున్నాను. ఆయన కూడా చెవిని నమ్మేముందు కొలతను నమ్మేవాడు.

ఆ సెప్టెంబరులో నాకు ఫోను చేసినవారు మిస్ ఐరీన్. సికిందరాబాదులో లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. ముప్పై ఏళ్ళుగా వాడి కబీర్‌లో మనవాళ్ళ పిల్లలకు పియానో నేర్పుతున్నారు. తండ్రీ కూతురూ ఇద్దరూ ఆమె శిష్యులే అయిన ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళందరూ ఆమెను మిస్ అనే పిలుస్తారు. వయసులో నాకంటె చిన్నవారైనా నేనూ అలాగే పిలుస్తాను.

“రావ్ సాబ్, నా పియానో కీస్ జర హల్కా చెయ్యాలె. బరువున్నయి. తొందరగా రండి” అన్నారు.

కీల బరువు తగ్గించమని అడిగేవారు మాకు అరుదుగా తగులుతారు. శ్రుతి చెడితే తీగ చుట్టిన మేకు బిగించి మళ్ళీ సరిచేయవచ్చు. బరువు తగ్గించడం అలాంటిది కాదు. లోపల తీగను కొట్టే చిన్న కొయ్య సుత్తిని హ్యామర్ అంటాము. దాని చుట్టూ దట్టమైన ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నిని చెక్కితే కీ తేలికవుతుంది, నాదం కూడా పలుచబడుతుంది. చెక్కిన ఉన్నిని తిరిగి అతికించలేము. కాబట్టి పనిముట్ల పెట్టెతో పాటు నా సందేహాన్ని కూడా వెంట తీసుకుని ఆ మూడో అంతస్తు ఫ్లాటుకు వెళ్ళాను.

తలుపు తీసింది నాగమణి. కోనసీమ నుంచి వచ్చిన ఆమె చాలాకాలంగా మిస్ వద్దే ఉండి ఇంటిపని చూస్తోంది. హాలులో సగభాగాన్ని ఆక్రమించిన చిన్న గ్రాండ్ పియానో ముందు మిస్ కూర్చొని ఉన్నారు. ఎడమ మణికట్టు మీద శస్త్రచికిత్స మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. మే నెలలో మెట్ల మీద జారి పడ్డారని, ఎముక విరిగితే సికిందరాబాదు వెళ్ళి ఆపరేషన్ చేయించుకొన్నారని, కట్టు విప్పాక ఆగస్టు చివర తిరిగి వచ్చారని అప్పుడే తెలిసింది. ఇంకొక సంగతి కూడా చెప్పారు. డిసెంబరులో ఒమాన్ విడిచి శాశ్వతంగా సికిందరాబాదు వెళ్ళిపోతున్నారు. పాత శిష్యులు కలిసి నవంబరులో రూవిలో ఒక హాలు తీసుకుని వీడ్కోలు సభ పెడుతున్నారు. ఆ సభలో ఆమె ఒక సొనాటా వాయించాలి. సొనాటా అంటే మూడు నాలుగు భాగాలుగా సాగే పెద్ద కృతి. ఏం వాయిస్తారో ఆ వారాంతంలోగా నిర్వాహకులకు చెప్పాలి.

హ్యామర్లు చెక్కడం గురించి నేను చేయవలసిన హెచ్చరిక చేశాను. నాదం పోయినా ఫరవాలేదన్నారు. ఆ సమాధానమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. తన పియానో నాదం గురించి ఆమె అలా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. పని మొదలుపెట్టేముందు యజమాని చేత కొంచెం వాయించుకుని వినడం మా పద్ధతి గనుక, ఆ సొనాటాయే వాయించమన్నాను.

స్టాండు మీద రెండు పుస్తకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని అట్ట నలిగి, రంగు మాసి ఉంది. రెండోది కొత్తది. ఆమె మాసిన పుస్తకంలోంచి వాయించసాగారు. మొదటి భాగం సగం దాటాక కింది స్థాయిలో పెద్ద పెద్ద స్వరగుచ్ఛాలు గుడిగంటల్లా ఒకదాని మీద ఒకటి మోగుతూ వస్తాయి. అక్కడికి రాగానే ఎడమచెయ్యి వెనకబడింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగిపోయారు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాగమణి మెల్లగా అంది: “ఆ గంటలు మోగే చోటుకొచ్చేతలికి ఆగిపోతారండి. రోజూ అక్కడేనండి. ఆ తర్వాత అన్నం కూడా సరిగా తినరండి.”

“నాగమణీ, కంప్లైంట్లు తర్వాత చెప్పొచ్చు, సాబ్‌కి ముందు చాయ్ ఇయ్యి” అన్నారు మిస్, తిరిగి చూడకుండానే.

రెండు పుస్తకాలెందుకని అడిగాను. ఆమె చెప్పిన సంగతి ఇది. ఆ సొనాటాను ఒక రష్యన్ స్వరకర్త 1913లో, నలభయ్యేళ్ళ వయసులో రాశాడు. వాయించడానికి సుమారు ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. స్వదేశం విడిచి అమెరికా చేరిన తర్వాత, 1931లో దాన్ని మళ్ళీ తీసి, ఇందులో ఒకేసారి నడిచే గొంతులు ఎక్కువయ్యాయని, నిడివీ ఎక్కువేనని తలచి, ఎన్నో చోట్ల కొట్టివేశాడు. అలా మిగిలినది సుమారు పంతొమ్మిది నిమిషాలు. మాసిన పుస్తకం 1913 పాఠం, కొత్తది 1931 పాఠం.

నాకు సమస్య అప్పుడే తీరినట్లు తోచింది. “రాసినవాడే తగ్గించాడు కదా, మిస్. తేదీ ప్రకారం 1931 పాఠమే చెల్లుబాటయ్యేది. చేతికీ సులువు. అది వాయించండి” అన్నాను.

“ఇది మీ డ్రైనేజీ పైపుల డ్రాయింగ్ కాదు, సాబ్.”

వంటింట్లో నాగమణి నవ్వు ఆపుకోవడం వినబడింది. మిస్ మాత్రం నవ్వలేదు. తన గురువు లాలాగూడలో నేర్పినది పెద్ద పాఠమేనని, మస్కట్ వచ్చిన కొత్తలో తొలి సభలో వాయించినదీ అదేనని చెప్పారు. తర్వాత మచ్చ మీద వేలు రాసుకుంటూ అసలు మాట అన్నారు.

“ముప్పై ఏండ్ల సంది పిల్లలకి ఒక్కటే చెప్తున్న, రావ్ సాబ్. కష్టమున్నదని ఒక్క బార్ కూడా ఎగ్గొట్టొద్దు అని. ఏడ్చిన పిల్లలకి కూడా అదే చెప్పిన. ఇప్పుడు ఎగ్గొట్టిన పుస్తకం ముంగట పెట్టుకుని నేనే ఆళ్ళ ముందర కూసోవాల్నా? పెద్దది రాకుంటే నేను వాయించ. పిల్లలతోని వాయించి, దండం పెట్టి ఎల్లిపోత.”

బార్ అంటే పాశ్చాత్య సంగీతంలో తాళపు గడి. మన ఆవర్తం వంటిది. నేను పనిముట్ల పెట్టె తెరిచాను. కీలను తూచాను.

తూచడం విని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. చిన్న ఇత్తడి తూకపు రాళ్ళను కీ అంచు మీద ఒకదాని మీద ఒకటి పేర్చుతాము. కుడి పెడల్ నొక్కి ఉంచినప్పుడు ఎంత బరువుకు కీ తనంతట తాను కిందికి దిగుతుందో అది డౌన్ వెయిట్. కిందికి దిగిన కీ ఎంత బరువును తిరిగి పైకి మోయగలదో అది అప్ వెయిట్. ఆ పియానోకు డౌన్ వెయిట్ యాభై గ్రాముల చుట్టూ, అప్ వెయిట్ పాతిక గ్రాముల చుట్టూ ఉండాలి. గంటల భాగంలో ఆమె ఎడమచెయ్యి తిరిగే కీల వద్ద మొదట యాభై గ్రాములు పెట్టాను. కదలలేదు. యాభై అయిదు, అరవై. అరవై ఎనిమిది గ్రాముల వద్ద కీ బద్ధకంగా దిగింది. అప్ వెయిట్ పది గ్రాములైనా లేదు.

హ్యామర్ నిజంగా బరువెక్కితే రెండు అంకెలూ పెరగాలి. ఒకటి పెరిగి ఒకటి తగ్గిందంటే అది బరువు కాదు, రాపిడి. లోపల ఏదో పట్టేస్తోంది. కీలను వాటి చట్రంతో సహా బయటికి లాగి చూశాను. కీలు కదిలే చోట అమర్చిన ఎర్రని బట్ట ఉబ్బి ఉంది. హ్యామర్లు ఊగే ఇరుసులను సెంటర్ పిన్నులు అంటాము. కొన్ని చోట్ల వాటికి పచ్చని చిలుము పట్టింది. ఇది తడి చేసే పని.

వేసవిలో ఇల్లు ఎలా ఉంచి వెళ్ళారని అడిగాను. ఇక్కడ సెలవుకు వెళ్ళే కుటుంబాలన్నీ ఎలా చేస్తాయో వారూ అలాగే చేశారు. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి పెట్టి, కరెంటు మెయిన్ ఆపేశారు. మస్కట్ జూలై మాసపు సముద్రపు తేమలో, ఏసీ లేని గదిలో పియానో నిలిచిపోయింది. మిస్ ఊళ్ళో లేనంతకాలం నాగమణి కింది అంతస్తులోని కుటుంబం వద్ద పనిచేస్తూ, అప్పుడప్పుడు పైకి వచ్చి చూసుకునేది. చలికాలం కోసం మనవాళ్ళు ఇక్కడ కొనుక్కునే మందపాటి బొచ్చు దుప్పటిని, దుమ్ము పడకుండా పియానోకు నిలువునా కప్పింది. మిస్ తిరిగి వచ్చి ఏసీ వేసిన తర్వాత కూడా ప్రతి సాయంత్రం ఆ దుప్పటి కప్పుతూనే ఉంది. లోపలి చెమ్మ ఆరడానికి వీలు లేకపోయింది.

చెయ్యి కట్టులో ఉన్న నెలల్లోనే కీలు బిగిశాయి. చెయ్యి బయటికి వచ్చేసరికి ఆ బిగువంతా ఆమె మణికట్టు ఖాతాలో పడింది.

ఈ మాట చెబితే మిస్ నమ్మలేదు. “నన్ను ఖుష్ చెయ్యనీకి చెప్తున్నరా?”

“ఎవరినీ సంతోషపెట్టడానికి నేను ఇంతవరకు గ్రాములు మార్చలేదు, మిస్.”

“అది నిజమే. మీకు అంత అకల్, అంత తెల్వి లేదు” అన్నారు.

చట్రాన్ని తిరిగి లోపలికి జరిపి, తూకపు రాళ్ళను ఆమె చేతికిచ్చి, పెడల్ నేను నొక్కి పట్టుకున్నాను. ఆమె ఒక్కొక్కటే పేర్చారు. యాభై వద్ద ఆగి నా వైపు చూశారు. అరవై వద్ద చూడడం మానేశారు. కీ దిగి, రాళ్ళు తీసివేసిన తర్వాత కూడా లేవడానికి తటపటాయించింది. పక్క కీ మీద మళ్ళీ మొదటినుంచి పేర్చారు. దాని మీదా అంతే.

“రోజూ ఈ చెయ్యిని తిట్టుకున్న” అన్నారు చివరికి, చాలా మెల్లగా.

నాగమణి గుమ్మం వదిలి ముందుకు వచ్చింది. “ఆ దుప్పటి నేనే కప్పానండి, అమ్మగారూ. దుమ్ము పడితే మీ మనసు కష్టపడుద్దని. పాడైపోయిందాండి?”

“పాడు కాలేదు. దానికి చలి పెడ్తదనుకున్నవ్, అంతే కదా” అని మిస్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. చాయ్ ఈసారి నేనే పెడతానన్నాను గాని ఎవరూ ఒప్పుకోలేదు.

“అంటే నా చెయ్యి బాగున్నట్లేనా?” అని మిస్ అడిగారు. ఆ ప్రశ్నకు అవుననడం చాలా తేలిక. నా రాళ్ళు పియానో సంగతి చెబుతాయి గాని చేతి సంగతి చెప్పవని, పియానో వాటా ఎంతో తీసేసిన తర్వాత మిగిలినది చూద్దామని అన్నాను. వారాంతంలోగా ఏదీ చెప్పవద్దని, నిర్వాహకులను కొంత గడువు అడగమని కూడా చెప్పాను. వాళ్ళు ఒప్పుకున్నారు.

పని రెండు వారాలు సాగింది. చట్రాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని, ఉబ్బిన బట్టను ఒక ప్రత్యేకమైన పట్టకారుతో వత్తి, చిలుము పట్టిన ఇరుసులు తీసి కొత్తవి వేశాను. హ్యామర్ ఉన్ని మీద కత్తి పెట్టలేదు. మొదటి రోజు ఆమె అడిగినట్లే చెక్కి ఉంటే, తడి ఆరిన నాడు ఆ పియానో పీలగొంతుతో మిగిలి ఉండేది. దుప్పటిని నాగమణి స్వయంగా మడిచి బీరువా పైకి ఎక్కించింది.

అక్టోబరు నడుమ డౌన్ వెయిట్ యాభై ఒకటికి వచ్చింది. మిస్ పెద్ద పాఠం తెరిచారు. మొదటి భాగంలో గంటలు వచ్చాయి. ఎడమచెయ్యి వాటిలోకి దిగి, ఒక్కొక్క గంటనూ మోగించుకుంటూ అవతలికి దాటింది. నాగమణి గరిట పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రెండో భాగం నెమ్మదిగా, ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. ఇక అంతా సరిపోయిందనుకున్నాను.

మూడో భాగం వేగమైనది. చేతులు దూరదూరంగా చాచి దూకుతూ వాయించాలి. రెండు పేజీలు గడిచాక ఎడమ మణికట్టు మొరాయించింది. ఆమె కొంతసేపు విశ్రాంతి తీసుకుని మళ్ళీ ప్రయత్నించారు. అదే చోట అదే జరిగింది. పియానో వాటా నేను తీసివేశాను. ఇది ఆమె వాటా. డాక్టరు కూడా మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదని చెప్పాడట.

మిస్ మూత వేయబోయారు. ఏదైనా చెప్పి ఆపాలనిపించింది గాని సంగీతం గురించి చెప్పగల అర్హత నాకు లేదు. నాకు తెలిసినవి కాగితాలు, తేదీలు. స్టాండు మీది రెండు పుస్తకాలను తీసి మొదటి పేజీలు తిప్పి చూశాను. 1931 పాఠం ఈ మధ్య అచ్చైన ప్రతి. రద్దయినదని నేను మొదటిరోజే తీర్మానించిన 1913 పాఠం గురించి అడిగితే, అది కూడా ఇప్పటికీ కొత్తగా దొరుకుతుందని, తన శిష్యుడొకడు నిరుడే కొనుక్కున్నాడని చెప్పారు. ఇది నేను ఎదురుచూడని సంగతి.

“మిస్, మా డ్రాయింగుల్లో రద్దయినదాన్ని ఎన్నడూ తిరిగి ప్రింటుకు పంపము. పంపితే ఉద్యోగం పోతుంది. ఈ రెండూ ఇప్పటికీ అచ్చవుతున్నాయంటే, రెంటిలో దేనిమీదా ఎవరూ ముద్ర వేయలేదన్నమాట. మొదటిరోజు నేను చెప్పిన లెక్క తప్పు. రెండూ చెల్లుతాయి.”

ఆమె మూత మీది చెయ్యి తీయకుండానే నా వైపు చూశారు. ఆ స్వరకర్త బతికి ఉండగానే, 1940లో, ఒక సాటి పియానో విద్వాంసుడు ఆయన సమ్మతితో రెండు పాఠాలనూ కలిపి మూడోదొకటి చేసుకున్నాడని చెప్పారు. ఆ సంగతి తనకు కాలేజీ రోజుల నుంచీ తెలుసునన్నారు. తెలిసినా అది గొప్పవాళ్ళ వ్యవహారమనే ఇంతకాలం అనుకున్నారట.

“ఆయన దగ్గర పర్మిషన్ ఉండె. నాకు ఎవరిస్తరు?” అన్నారు.

“మీరు పిల్లల్ని అడగండి” అంది నాగమణి. “ఎగ్గొట్టొద్దని మీరు చెప్పింది ఆళ్ళకే కదండి.”

మిస్ ఆమెను ఎగాదిగా చూసి, కొత్త పుస్తకంలో మూడో భాగం తెరిచారు. ఆ సాయంత్రం దాన్ని వాయించలేదు, పెన్సిలు పట్టుకుని చదువుతూ కూర్చున్నారు. నేను చెప్పులు వేసుకుంటుండగా, కొన్ని చోట్ల ఈ ముసలాయన తక్కువ స్వరాలతోనే రాగాన్ని ఎక్కువ వినిపించాడని, ఇన్నేళ్ళూ కోపంతో ఈ పేజీలు సరిగా చూడనేలేదని తనలో తాను అనుకుంటున్నట్లు అన్నారు.

సభ నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది. హాలులోని పియానోను ఉదయమే శ్రుతి చేసి, నాగమణి పక్కన రెండో వరుసలో కూర్చున్నాను. ఆమె కొత్త చీర కట్టుకుంది. శిష్యులు వాయించడం ముగిశాక మిస్ వేదిక మీదికి వచ్చి, వెంటనే కూర్చోకుండా, వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు. ఇంగ్లీషులో ఆమె చెప్పినది ఇంతే. మొదటి రెండు భాగాలు 1913 పాఠం నుంచి వాయిస్తాను. మూడోది 1931 నుంచి, ఎందుకంటే నా మణికట్టు పెద్దదాన్ని మోయలేదు. కష్టమని ఎగ్గొట్టవద్దని మీకు చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ మీ చెయ్యి నిజంగా మారిపోయిన రోజున, ఏం మార్చారో పైకి చెప్పి వాయించండి. ఈ కృతి రాసినాయన కూడా తేదీ వేసి మరీ మార్చాడు.

ముందు వరుసలో జుట్టు నెరవడం మొదలైన ఒక శిష్యుడు లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు తరగతిలో మిస్ లోపలికి వస్తే లేచినట్లుగా మిగిలినవాళ్ళూ లేచారు. ఆమె చేత్తో కూర్చోమని సైగ చేసి, కుర్చీ సర్దుకుని మొదలుపెట్టారు. గంటలు వచ్చినప్పుడు నాగమణి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. అవి దాటాక వదిలింది. మూడో భాగం ఎక్కడా ఆగలేదు.

ఈ సంఘటన నా పనిలో తెచ్చిన మార్పు చిన్నదే. సెలవునుంచి తిరిగి వచ్చిన ఏ ఇంటికి వెళ్ళినా, కరెంటు ఆపి వెళ్ళారా, దుప్పటి కప్పారా అని అడిగి, తూచిన తర్వాతే పనిముట్టు బయటికి తీస్తాను. వేళ్ళలో శక్తి పోయిందని ఎవరైనా దిగులుపడితే, ముందు పియానో వాటా తేల్చి ఆ తర్వాతే మాట్లాడతాను. తేదీల మీద నమ్మకం నాకు తగ్గలేదు. కాని తర్వాతి తేదీ ముందుదాన్ని కొట్టివేస్తుందన్న నియమం డ్రాయింగులకు సంబంధించినదే తప్ప, మనిషి పనులన్నిటికీ వర్తించదని ఆ హాలులో తెలుసుకున్నాను.

మిస్ ఇప్పుడు సికిందరాబాదులో ఉన్నారు. నాగమణి వాడి కబీర్‌లోనే, కింది అంతస్తు కుటుంబం వద్ద ఉంది. పోయిన నెలలో మిస్ ఫోను చేశారు. మణికట్టు కొంచెం తిరుగుతోందట. మూడో భాగంలో కొట్టివేసిన చోటు ఒకటి పాత పుస్తకంలోంచి మళ్ళీ తెచ్చి కలిపారట.

“రాసుకోండి, రావ్ సాబ్. కొత్త రివిజన్ వచ్చింది” అన్నారు.

తేదీ ఎంత అని అడిగాను.

“ఇయ్యాల్టిదే వెయ్యండి” అన్నారు. “కానీ పాతదాని మీద ముద్ర మాత్రం కొట్టకండి.”